పడ్డవాడు

"లే, లే. చూసింది చాలు," అన్నాడు రిఫరీ.

స్ట్రైకర్ లేవలేదు. గోల్ ఎదుటి పెనాల్టీ గీతల మధ్య గడ్డి మీద పడి, చీలమండ పట్టుకుని, "అమ్మా! అబ్బా!" అని అరుస్తున్నాడు. చిక్కల్లా ఏమిటంటే ఈసారి నొప్పి నిజం. కానీ అబద్ధం నొప్పికీ అతను అరిచేది ఇలాగే. ఆ మాటకొస్తే అబద్ధానికి ఇంకాస్త రాగం కూడా తీసేవాడు.

ఆ లీగ్‌లో అతనితో సమానంగా గోల్స్ కొట్టినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. ఇంకొక్క గోల్ పడితే ఆ ఒక్కడూ వెనకబడతాడు, రికార్డు ఇతనిదైపోతుంది. ఇదే చివరి మ్యాచ్. ఆట కాసేపట్లో అయిపోతుంది, స్కోరు సమానంగా ఉంది. ఇక ఆ గోల్స్ సంగతంటారా, సగం కాలితో కొట్టినవి, సగం కిందపడి సంపాదించినవి. ఎవరి నీడ తగిలినా పడిపోయేవాడు. రిఫరీ పెనాల్టీ ఇవ్వగానే లేచి దులుపుకుని గోల్ కొట్టేవాడు. "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారండీ" అని విలేకరులను నవ్వించేవాడు కూడా. ఆ మధ్య బాత్రూమ్‌లో జారిపడితే భార్య గుమ్మంలో నిలబడి, "లేవండి, ఇక్కడ పెనాల్టీలు ఇవ్వరు," అంది.

"సార్, నిజంగా బెణికింది. ఒట్టు!"

"ఫస్టాఫ్‌లో కూడా ఒట్టేశావు. దానికి ఎల్లో కార్డు ఇచ్చాను, గుర్తుందా? ఇంకోటి ఇచ్చానంటే నేరుగా ఇంటికే."

స్ట్రైకర్‌కి గుర్తుంది. అది నటనే. అందులోనూ అంత గొప్ప నటనేం కాదు.

ఇంతలో అతని జట్టు కెప్టెన్ పరుగెత్తుకొచ్చి చెవి దగ్గర వంగాడు. "అదరగొట్టావన్నా! ఇంకాస్త ఏడు, కరుగుతాడు."

"నటన కాదురా, చచ్చిపోతున్నా."

"అదీ! ఆ మొహం అలాగే ఉంచు."

ఫిజియో మందుల పెట్టెతో వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "ఎంతసేపు పడుకుంటావన్నా? స్ప్రే నిజంగా కొట్టమంటావా, కొట్టినట్టు చెయ్యమంటావా?"

అంత నొప్పిలోనూ స్ట్రైకర్‌కి తన మీద తనకే నవ్వొచ్చింది. తేలు కుట్టిన దొంగ నయం, వాడు కిక్కురుమనకుండా ఊరుకుంటాడు. తను గొంతు చించుకుని అరుస్తుంటే చుట్టూ నిలబడి మార్కులు వేస్తున్నారు. గ్యాలరీలోంచి ఎవడో "వన్స్ మోర్!" అని కేక కూడా పెట్టాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకుని చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు.

అప్పుడు అవతలి జట్టు డిఫెండర్ ముందుకొచ్చాడు. అందరూ గోడ అని పిలిచే మనిషి. స్ట్రైకర్ ఇన్నేళ్ళలో ఎక్కువసార్లు పడింది ఈ గోడ పక్కనే. ఏ పాపం ఎరగకపోయినా ప్రతిసారీ తిట్లు తిన్నది మాత్రం గోడే.

"సార్, నా కాలు తగిలింది," అన్నాడు గోడ. "నేనే చూసుకోలేదు."

రిఫరీ నోట్లోంచి ఈల జారింది. "నిజంగానా?"

"ఆ మొహం చూడండి సార్. ఎన్నేళ్ళనుంచో చూస్తున్నా. నటించేటప్పుడు ఇంత అసహ్యంగా ఏడవడు."

గోడ జట్టువాళ్ళు అతని మీద విరుచుకుపడ్డారు. "పిచ్చిగాని పట్టిందా నీకు? డ్రా అయితే గట్టెక్కుతాం. ఓడితే కింది లీగ్‌కి పోతాం!" గోడ తల దించుకున్నాడు. రిఫరీ చెయ్యి చాచి పెనాల్టీ చుక్కను చూపించాడు. స్టేడియం హోరెత్తిపోయింది.

ఫిజియో ఈసారి నిజంగానే స్ప్రే కొట్టాడు. స్ట్రైకర్ కుంటుకుంటూ వెళ్ళి బంతి ముందు నిలబడ్డాడు. ఒంటికాలి మీదైనా కొట్టగలడు. పెనాల్టీలు నిద్రలో కూడా కొట్టగలడు. కానీ అసలు సంగతి అతనొక్కడికే తెలుసు. గోడ కాలు తగలనే లేదు. గోడ ఇంకా జానెడు దూరంలో ఉండగానే తన కుడికాలికి తన ఎడమకాలే అడ్డం వచ్చింది. ఇన్నేళ్ళూ నీడలు తగిలి పడ్డవాడు చివరికి తన కాలు తనకే తగిలి పడ్డాడు.

గోడ దగ్గరకొచ్చాడు. "నొప్పి బాగా ఉందా? సారీ రా, కావాలని చెయ్యలేదు."

తను పడ్డానంటే నమ్మినవాడు ఈ లోకంలో ఒకే ఒక్కడు, వాడినే తను అందరికన్నా ఎక్కువ మోసం చేశాడు. స్ట్రైకర్ సిగ్గుతో చచ్చిపోయాడు. రికార్డు పోతే పోయింది, ఈ ఒక్కటీ వీడి దగ్గర కాజెయ్యకూడదు అనుకున్నాడు.

"సార్!" అని రిఫరీని పిలిచాడు. "గోడ తప్పేం లేదు. నన్నెవరూ తాకలేదు. నా కాలే నాకు అడ్డం పడింది. ఈ పెనాల్టీ నాకొద్దు."

కెప్టెన్ నెత్తి పట్టుకున్నాడు. "అన్నా, ఇదెక్కడి కొత్త ట్రిక్కు?"

"పాపం, నన్ను కాపాడాలని అబద్ధమాడుతున్నాడు సార్," అన్నాడు గోడ.

"అబద్ధం కాదు సార్! పుట్టి బుద్ధెరిగాక మైదానంలో మొదటిసారి ఒక్క నిజం చెబుతున్నా, నమ్మండి!"

రిఫరీ అతన్ని ఎగాదిగా చూశాడు. కళ్ళనిండా నీళ్ళు, వణుకుతున్న పెదాలు, గుండెల మీద చెయ్యి. చూసి చూసి, నిదానంగా జేబులోంచి పసుపు కార్డు తీశాడు. దాని వెనకే ఎర్రకార్డు తీశాడు.

"ఇప్పుడేం చేశాను సార్?"

"దొంగ ఏడుపులంటే ఇన్నాళ్ళూ భరించాను," అన్నాడు రిఫరీ ఎర్రకార్డు పైకెత్తుతూ, "మంచివాడిలా నటిస్తే మాత్రం ఊరుకోను."