బెల్లం డబ్బా

ఎవరికి వండాలో చెబితే గాని ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగని రోజులవి. భర్త సంవత్సరీకం నాడు పరమాన్నానికి పాలు పెడుతూ సత్యవేణి, "ఆయనకి," అంది.

"ఆయనకి షుగరండి. బెల్లం కుదరదు," అంది పొయ్యి. బెల్లం డబ్బా తెరుచుకోలేదు.

కూతురు హైమ నివ్వెరపోయింది. "నాన్న పోయారని దీనికి ఇంకా చెప్పలేదా అమ్మా?"

"చెబితే రేపట్నుంచి నా ఒక్కదానికే వండుతుందే."

దేవుడి గదిలో ఆయన పేర వేసిన విస్తరి ఖాళీగా ఉంది. సత్యవేణి పొయ్యి మీదికి వంగి, మెల్లగా చెప్పింది.

"ఆయన లేరు."

డబ్బా తెరుచుకుంది.

"బెల్లం ఎంత వెయ్యమంటారు?"

బతికున్నన్నాళ్లూ ఆయన బెల్లం అడిగి చెయ్యి చాపినప్పుడల్లా, పొయ్యితో పాటు తనూ వద్దనే అంది.

"ఆయన అడిగినంత," అంది సత్యవేణి.