బ్యాటరీ తీసిన తర్వాత

చేతిలోంచి జారిపడ్డ లాప్‌టాప్ మళ్ళీ వెలగలేదు. పోయిన చెల్లెలి గొంతు రికార్డింగులుగా ఈ లోకంలో మిగిలింది దాని కడుపులోనే. పెద్దావిడ ఒంటరి ఇంట్లో, చీకట్లో తడుముకుంటూ మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"కంగారు పడకండి పెద్దమ్మా. కిందపడితే మనుషులే కాసేపు మాట్లాడరు. ఛార్జర్ పీకేసి, వెనక్కి తిప్పి బ్యాటరీ తీసేయండి. తీశారా? ఇప్పుడు ఆన్ చేసే బటన్ గట్టిగా నొక్కిపట్టండి. లోపల మిగిలిన కాస్త కరెంటూ పోతుంది."

నొక్కిపట్టింది. తెర నల్లగానే ఉంది. లాప్‌టాప్ స్పీకర్లోంచి మాత్రం సన్నగా ఊపిరి వినిపించింది.

"అక్కా, నొప్పెడుతోందే. వెయ్యి దండాలు పెడతా, వేలు తియ్యవే!"

ఉలిక్కిపడి తీసేసింది. గొంతు ఠక్కున ఆగిపోయింది. చెల్లెలు ఏ రికార్డింగులోనూ అనని మాట అది.

"ఏమే! ఇంకొక్కసారి పలకవే!"

పెద్దావిడ ఎంత బతిమాలినా పలుకు లేదు.

"వదిలేశారా? అయ్యో, వదలకూడదు పెద్దమ్మా," ఫోన్లో మెకానిక్ అన్నాడు. "మళ్ళీ నొక్కండి. ఈసారి ఎక్కువసేపు."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, వేలు బటన్ మీద ఆనించింది.

"కాస్త ఓర్చుకోవే, తల్లీ."