సభ మొదలెట్టే గంట

“మూడుసార్లు మోగించి దిగిపోండమ్మా. మైకులో ఏం మాట్లాడొద్దు,” అంది నిర్వాహకురాలు, మెడలో వేలాడే బ్యాడ్జీ సర్దుకుంటూ.

“ఇన్నేళ్లలో మాట్లాడనిచ్చిందెప్పుడని?” అన్నాడు గొణుగుడు.

అతని అసలు పేరు పాత ఓడలు విరగ్గొట్టే యార్డులో ఎవరికీ గుర్తులేదు. గ్యాస్ కట్టర్‌తో ఇనుము కోస్తున్నంతసేపూ నోట్లో ఎవర్నో తిట్టుకుంటూ ఉంటాడని ఆ పేరు పెట్టారు.

“నువ్వు నోరు కట్టేసుకుని నా వెనక నిలబడు నాయనా. ఇవాళ ఒక్కరోజు,” అంది వదిన.

రెండేళ్లకోసారి జరిగే జాతీయ నౌకా సదస్సు అది. తెర మీద దాని చరిత్ర నడుస్తోంది. మొదటి సభ రేవు ఆఫీసు మేడ మీద, అరువు కుర్చీల్లో జరిగింది. గొణుగుడు అన్న, అంటే వదిన భర్త, పనిచేసిన ఓడ మునిగిన మరుసటేడు. ఆ ఓడ యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ఏడుస్తూ పెట్టిన సభ. అప్పట్లో మాట్లాడిందంతా ఓడ మనుషుల ప్రాణాల గురించే. సభ టౌన్ హాల్లోకి మారాక మాట సరుకు రవాణా రేట్ల మీదికి మళ్లింది. ఇప్పుడు స్టార్ హోటల్. మాట భోజనాల బల్ల దాటడం లేదు.

మారనిది గంట ఒక్కటే. రెండో సభకి పెద్దాయన దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. మునిగిన ఓడ ఇత్తడి గంట. ఓడ పేరు చుట్టూతా చెక్కి ఉంది. హాలంతా కళ్లు తుడుచుకుంది. అప్పట్నుంచీ వదిన వచ్చి మోగిస్తేగాని సభ మొదలవదు.

మోగించే ముందు ఆమె దాని మీద అరచెయ్యి ఆనిస్తుంది. “మీ అన్నతోపాటు మునిగిన వాటిలో నా చేతికందింది ఇదొక్కటే,” అంటుంది.

ఆ మాట విన్నప్పుడల్లా గొణుగుడుకి ఒళ్లు మండుతుంది. తుప్పు తినేసిన డొక్కు ఓడ. విలువకి మించిన బీమా. విచారణలో తేలింది మాత్రం తుఫాను. ఏడాది తిరక్కుండా పెద్దాయన కొత్త ఓడ నీళ్లలోకి దించాడు. రుజువేదిరా అని యార్డులో వాళ్లు అడిగితే, గొణుగుడు దగ్గర గొణుగుడు తప్ప ఇంకేం లేదు.

“ఊరికే ఆయన్ని ఆడిపోసుకోకు,” అంటుంది వదిన. “ఓడలంటే ప్రాణం ఆయనకి. గది నిండా గంటలే కదా.”

“గంటలంటే ప్రాణం. మనుషులంటే కాదు.”

అదీ నిజమే. పెద్దాయన ఓడ ఏదీ యార్డుకి గంటతో రాదు. ఆఖరి ప్రయాణానికి కదలకముందే విప్పించి, తన గది గోడకి తగిలించుకుంటాడు. పోయేవాళ్ల ఫొటో ముందే తీసి పెట్టుకున్నట్టు, అని నవ్వుతాడు.

ఈసారి హోటల్ వరండాలో కొత్త యంత్రం ఒకటి చూపిస్తున్నారు. సముద్రం అడుగున పాకుతూ మునిగిన ఓడల్ని వెతుకుతుందట. పొద్దున వదిన దాని ముందు నిలబడిపోయింది. ఎముకో, ఉంగరమో, ఏదో ఒకటి. తెచ్చి మట్టిలో పెట్టుకుంటే చాలు ఆమెకి. అటుగా వచ్చిన పెద్దాయన్ని ఆపింది.

“బాబూ, దీంతో ఒక్కసారి వెతికించండి. ఇంకేం అడగను.”

పెద్దాయన ఆమె భుజం తట్టాడు. “సభలోనే చెప్తానమ్మా. అందరి ముందూ.”

అందుకే ఇవాళ ఒక్కరోజు గొణుగుడు నోరు కట్టేసుకోవాలి.

గంటకి ముందు పెద్దాయన మైకు దగ్గరికొచ్చాడు. సదస్సు పితామహుడని మెడలో పతకం వేశారు.

“ఈ తల్లి నన్నొక కోరిక కోరింది. ఏం చెప్పను? ఆనాడే గాలించాం. తర్వాతా గాలించాం. ఆ ఓడ ఎక్కడ పడుందో ఇవాళ్టిదాకా ఎవరి కంటా పడలేదు. ఒక్క చెక్కముక్క, ఒక్క మేకు కూడా సముద్రం తిరిగివ్వలేదు. వాళ్లని అక్కడే నిద్రపోనిద్దాం.”

రుమాలు కళ్లకద్దుకున్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. వెతుకులాట ముచ్చట అక్కడితో సరి.

“తీరిందిగా. పద వదినా, ఆ కొట్టేదేదో కొట్టేసి పోదాం,” అన్నాడు గొణుగుడు, పళ్లు బిగించి.

వదిన మెట్లెక్కింది. అలవాటుగా అరచెయ్యి గంట మీద ఆనించింది. కాలినట్టు తీసేసింది.

తాడు పట్టుకోలేదు. తిన్నగా మైకు దగ్గరికి నడిచింది. వద్దు వద్దని నిర్వాహకురాలు కింది నుంచి చేతులూపుతూనే ఉంది.

“ఒక్క మేకూ తిరిగి రాలేదంటున్నారు కదా బాబూ, మరి ఈ గంట ఎప్పుడు విప్పించుకున్నారు?”