ఒక్కసారికి ఇరవై

“ఒక్కసారికి ఇరవై చాలు,” అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా.

“వంద చేద్దామండీ,” అన్నాడతను.

బట్టల దుకాణం కోసం తయారవుతున్న యాప్ అది. కొన్నవాళ్ళ అభిప్రాయాలు వరసగా కనిపించే తెర ఆమె పని. వాటిని తెచ్చి అందించడం అతని పని. వేలితో తోస్తూ పోతే ముందు కొన్ని వస్తాయి, అవి అయిపోయాక చక్రం తిరిగి మరికొన్ని వస్తాయి. ఆ కొన్ని ఎన్నన్నదే వారం రోజులుగా తగువు.

“వంద తెస్తే పాత ఫోన్లు మొరాయిస్తాయి. అయినా అంత కిందికి ఎవరు చదువుతారండీ?”

“ఓపికున్నవాళ్ళు చదువుతారు.”

అతని మాటలెప్పుడూ అంత పొదుపే. ఆఫీసులో అందరూ అతన్ని మునిగారంటారు. పరీక్ష కోసం వెయ్యి దొంగ అభిప్రాయాలు అతనే రాసి పెట్టాడు. గుడ్డ మెత్తగా ఉంది, గుండీ ఊడింది, ఇలాంటివి. అన్నిటికంటే అడుగున మాత్రం, ఆమె పేరు పెట్టి, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగాడు. ఎదురుగా నిలబడి అడగలేని మనిషి వెలగబెట్టిన ఘనకార్యం అది. పైన పెడదామంటే తమ టీమ్ లీడరు చూస్తాడని భయం. రేపు సాయంత్రం అసలు దుకాణం వివరాలు ఎక్కించే ముందు ఇవన్నీ చెరిపేయాలి. ఈలోగా ఆమె అడుగుదాకా వెళ్ళకపోతే, ఈ జన్మకి ఇక అతను అడగలేడు.

లీడరు వచ్చి ఆమె ఫోను అందుకున్నాడు. బొటనవేలితో బరబరా తోశాడు. చక్రం తిరిగింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ తిరిగింది.

“వందే నయమేమో. ఇలా ఆగుతుంటే విసుగ్గా ఉంది.”

“ఇరవయ్యే సార్. ఇంక దీని గురించి మాట్లాడొద్దు,” అంటూ ఆమె ఫోను లాక్కున్నంత పని చేసింది. ఆమె మొండితనం ఎరిగినవాడు కనుక లీడరు తలూపి వెళ్ళిపోయాడు.

అతను కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. “మీరు అడుగుదాకా చూశారా?”

“చూడ్డానికి ఏముందండీ, అన్నీ మీరు కల్పించినవేగా.”

మర్నాడు సాయంత్రం అతను అన్నీ చెరిపేశాడు. ఆమె భుజాన సంచీ తగిలించుకుని వచ్చి పక్కన నిలబడింది.

“అన్నీ పోయాయా?”

“పోయాయండీ.”

“ఎక్కడా కాపీ లేదుగా?”

“లేదు.”

“అమ్మయ్య,” అంది. అతని ప్రాణం ఉసూరుమంది.

“ఆదివారం మా ఇంట్లో నా పెళ్ళి మాటలు. మీరు తప్పకుండా రావాలి.”

అతను తల దించుకున్నాడు.

“మీరు వందకు ఒప్పుకుని ఉంటే బాగుండేదండీ.”

“ఒప్పుకుని ఉంటే మీ ప్రశ్న లీడరు కూడా చదివేసేవాడు. ఆదివారం మీ అమ్మానాన్నల్నీ తీసుకురండి.”