బాబాయ్, రేపే గడువు

"బాకీదారుల్లో ఒక్కణ్ణీ వదలను సార్. అందరిచేతా కట్టించి తీరతాను."

ఉద్యోగం అడగొచ్చిన పిల్ల కళ్లల్లో నిప్పులు చూసి ఫైనాన్స్ కంపెనీ యజమాని మురిసిపోయాడు.

"అంత కసేంటమ్మా?"

"ఈ ఆలస్యాల వల్లే మా కొంప గుల్లయింది సార్."

పాపం, వాళ్ల నాన్న ఎవరెవరికో అప్పులిచ్చి మునిగుంటాడు అనుకున్నాడాయన. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశాడు.

బాకీదారులకు మెసేజ్‌లు రాయడం ఆమె పని. పాత మెసేజ్ గడువు దాటిన మర్నాడు వెళ్లేది. "మీ గడువు నిన్నటితో ముగిసింది. జరిమానా వర్తిస్తుంది." అది చూసినవాడు ఫోన్ ఆపేసి ముసుగుతన్ని పడుకునేవాడు.

ఆమె దాన్ని గడువుకి ఒకరోజు ముందుకు జరిపింది. మాట కూడా మార్చింది.

"బాబాయ్, రేపే గడువు. మీ వీధిలో చాలామంది కట్టేశారు. మీరూ కట్టేస్తే ఓ పనైపోతుంది."

ఆడవాళ్లకైతే "అక్కా". మొండిఘటాలకు "జీతం పడ్డరోజే కట్టేస్తే నెలంతా నిశ్చింత కదా పెదనాన్నా!"

బెదిరిస్తే దాక్కున్నవాళ్లు వరస కలిపితే కదిలొచ్చారు. అంత నోరారా పిలిచాక ఎగ్గొట్టడానికి మొహం చెల్లద్దూ?

యజమాని గాల్లో తేలిపోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు. పళ్లు బిగించి, "ఇంకా కొందరు మిగిలారు సార్" అనేది.

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. "సార్, ఒక్కమాట..."

"నీ ఏడుపు ఆపవయ్యా! ఆ అమ్మాయిని చూసి నేర్చుకో."

ఏడాది తిరిగేసరికి ఆలస్యంగా కట్టేవాడు మచ్చుకైనా లేడు. అదేం విడ్డూరమో, బ్యాంకుకు తాను కట్టాల్సిన వాయిదా యజమానే నిన్న కట్టలేకపోయాడు.

"డబ్బంతా ఏమైందయ్యా?" అని గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు.

"ఏమవుతుంది సార్? తక్కువ వడ్డీ అని ఎర వేశాం. ఆ వడ్డీ అద్దెకీ జీతాలకీ సరి. మన పొయ్యి వెలిగేది జరిమానాల మీదే కదా! ఇప్పుడు ఆలస్యం చేసేవాడేడీ? అదే చెప్పబోతే నా నోరు మూయించారు."

యజమాని చివాల్న లేచాడు. ఆమె బల్ల దగ్గరికి పరుగెత్తాడు. కుర్చీ ఖాళీ.

జేబులో ఫోన్ టింగుమంది.

"బాబాయ్, మీ గడువు నిన్నటితో ముగిసింది - ఇట్లు, ఒక్కరోజు ఆలస్యానికి జరిమానా మీద జరిమానా వేసి మీరు ఎవరి కుట్టుమిషన్ ఎత్తుకుపోయారో, ఆ దర్జీ కూతురు."