కొండదారి మీద విచారణ

కొండదారిలో మోటారు సైకిళ్లను తిరగనివ్వాలా, దారి మూసేయాలా అని అటవీ శాఖ ఆఫీసులో విచారణ. బైకుల క్లబ్బు తరఫున సెక్రటరీ వచ్చాడు. పోయినేడు ఆ దారిలోనే బండి బోల్తాపడి చనిపోయిన మనిషి భార్య ఎదురు బెంచీలో కూర్చుని ఉంది. ఆమెను చూడగానే సెక్రటరీ లేచి దగ్గరకెళ్లాడు.

“మా మీద చెప్పడానికొచ్చారా అక్కయ్యా?”

“ఉన్నమాట చెప్పడానికొచ్చాను. నోరు మూసుకుని కూర్చో.”

పిలవగానే ఆమె లేచి, సంచీలోంచి భర్త హెల్మెట్ తీసి అధికారి బల్ల మీద ఠక్కున పెట్టింది.

“బండి తుక్కయింది, మనిషి పోయాడు. దీని మీద ఒక్క గీతైనా ఉందేమో చూడండి సార్. ఉన్న పది వెంట్రుకలూ చెదిరిపోతాయని ఆ మహానుభావుడు దీన్ని ఇంట్లో మేకుకి తగిలించి వెళ్లాడు. ఇందులో దారి తప్పేముంది?”

అధికారి నవ్వాలో వద్దో తెలియక ఫైల్లో తలదూర్చాడు. సెక్రటరీ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

ఆమె ఆ హెల్మెట్ తనే పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, అతని వైపు తిరిగింది.

“ఏడుపు తర్వాత. ఆదివారం నాకు బండి నేర్పు. ఆ కొండెక్కి ఆయన ఏం చూసేవాడో నేనూ చూడాలి.”