లోపల మిగిలిన గాలి

హుకుంపేట సంతవీధి చివర, ఫల్గుణ మెకానిక్ షెడ్డు ముందు జీపు ఆగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొస్తోంది.

డ్రైవరు దిగి రేడియేటర్ మూత తియ్యబోయాడు.

"ఆగండి. మొకం కాలిపోద్ది," అన్నాడు ఫల్గుణ. "ముందు సల్లారనియ్యండి."

కొండ ఊళ్ల రోగుల కోసం తిరిగే ట్రస్టు ఆస్పత్రి జీపు అది. డ్రైవరు నడివయసు మనిషి. పేరు రవిబాబు అని చెప్పాడు.

ఇంజను చల్లారాక ఫల్గుణ ఇంజన్ని చల్లబరిచే పాత కూలెంట్ అంతా కిందికి వదిలేశాడు. చిట్లిన గొట్టం మార్చాడు. కొత్త కూలెంట్ సన్నటి ధారగా పోయడం మొదలెట్టాడు.

"బేగి పోసెయ్ మేస్త్రీ. జి.మాడుగుల ఎల్లాల."

"బేగి పోత్తే లోపల గాలి ఉండిపోద్దండి. గాలున్న కాడికి కూలెంట్ ఎల్లదు. గేజిలో ముల్లు కదలదు గానీ లోపల ఇంజను మాడిపోద్ది. బుడగలు ఆగేదాకా కూకోండి."

రవిబాబు బల్ల మీద కూర్చున్నాడు.

ఫల్గుణ మూత తీసే ఉంచి ఇంజను స్టార్ట్ చేశాడు. పై గొట్టాన్ని పిసుకుతుంటే రేడియేటర్ మూతి దగ్గర బుడగలు పైకొచ్చి పగులుతున్నాయి. మట్టం దిగిన కొద్దీ కొంచెం కొంచెం పోస్తున్నాడు.

"ఈ బండి మీద ఎన్నాళ్లనుండి?" ఊసుపోక అడిగాడు.

"కొన్న కాడ్నుంచీ నానే."

ఫల్గుణ చేతిలో డబ్బా ఆగింది.

"ముందటేడు వానల్లో, మా కొండ కింద వాగు పొంగిన రోజు కూడా నువ్వేనా?"

"నానే."

"బండి వదిలేసి పరిగెత్తావంట."

రవిబాబు బల్ల మీద నుంచి తలెత్తి చూశాడు.

"పరిగెత్తాను," అన్నాడు. "ఆ అమ్మ బతకనేదు."

ఆ అమ్మ ఫల్గుణ భార్య స్వర్ణ.

అప్పుడతను సాలూరులో పనిచేసేవాడు. నొప్పులొచ్చాయని ఊరివాళ్లు ఫోన్ చేస్తే ఈ జీపు బయల్దేరింది. కొండ మీదికి మాత్రం రాలేదు. అడ్డదారిన వెళ్లి చూసి రమ్మని పంపిన ఊరి కుర్రాడు బుధుకి వాగు అవతల ఒడ్డున ఖాళీ జీపు కనిపించింది. డ్రైవరు దడిసి పారిపోయాడని ఊరంతా చెప్పాడు. వాగు దాటలేక చుట్టుదారిన డోలీలో మోసుకుని ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కింది, స్వర్ణ దక్కలేదు. ఫల్గుణ వచ్చేసరికి పూడ్చిపెట్టేశారు కూడా.

ఖాళీ జీపు గురించి విన్నాక అతను ఇంకేమీ వినలేదు. ఇంట్లో స్వర్ణ మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు. ఆ డ్రైవరు ఎప్పటికైనా చేతికి చిక్కకపోడని మాత్రం ఎదురుచూశాడు.

ఇప్పుడు వాడు తన బల్ల మీదే కూర్చుని, బీడీ కోసం జేబులు వెతుక్కుంటున్నాడు.

బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఫల్గుణ ఇంజను ఆపేశాడు. మూత బిగించాడు.

"దారిలో రోగులెవులైనా ఎక్కుతారా?"

"నేదు. ఖాళీగానే ఎల్తన్నాను."

"అయితే ఎల్లు."

"గాలి పోయిందా?"

ఫల్గుణ అతని కళ్లలోకి చూశాడు. "పోయింది."

జీపు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఫల్గుణ చేతులు కడుక్కుని, చాలాకాలానికి కడుపునిండా అంబలి తాగాడు.

జి.మాడుగుల చేరకముందే, కొండ ఎక్కుడులో ఇంజను మాడి పట్టేసింది.

మర్నాడు ట్రస్టు మేనేజరు సన్యాసిరావు, రవిబాబును వెంటబెట్టుకుని షెడ్డుకొచ్చాడు.

"ఇంజను మొత్తం పోయింది. గాలి తియ్యకుండా బండెలా పంపావయ్యా?"

ఫల్గుణ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. నా పెళ్లాం కోసం, అని వీధంతా వినేలా చెప్పాలనుకున్నాడు. అతను నోరు తెరిచేలోగా రవిబాబు అందుకున్నాడు.

"ఆయన తప్పేటీ నేదండి. గాలి పోలేదు, ఆగమనే అన్నాడు. నానే ఇనకుండా తోలుకుపోనాను."

సన్యాసిరావు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇంక నువ్వు పనిలోకి రానక్కర్లేదు," అని బైకెక్కి వెళ్లిపోయాడు.

ఫల్గుణకి నోటికాడి ముద్ద లాగేసినట్టయింది.

"ఎందుకు అబద్ధమాడావు? కావాలనే సేసాను నాను. స్వర్ణ నా పెళ్లాం."

"బండి ఆగిపోయినప్పుడు, నువ్వడిగిన వాగు ఊసు గుర్తొచ్చి తెలిసింది," అన్నాడు రవిబాబు. "నిజం సెబితే నీ షెడ్డు మూయించేత్తారు. ఇంట్లో తల్లిలేని పసిగుంట ఉంది కదా."

"దడిసి పారిపోయినోడివి, నా గుంట ఊసు నీకెందుకు?"

 బస్సు హారన్ వినబడితే రవిబాబు సంచీ అందుకుని రోడ్డు దాటాడు.

అప్పుడే ఫల్గుణ తల్లి అప్పలనర్సమ్మ, మనవరాలు సోనిని చంకనేసుకుని సంత నుంచి వస్తోంది. బస్సెక్కుతున్న మనిషిని చూసి ఆగిపోయింది. బుట్ట కింద పడేసి, చెయ్యి ఊపుతూ బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తింది. బస్సు ఆగలేదు.

"ఆయన ఎవుల్రా? నీకు తెలుసా?" ఆయాసపడుతూ అడిగింది.

"నీ కోడల్ని సంపినోడమ్మా. ఆ జీపు డ్రైవరు. ఉద్యోగం ఊడగొట్టించేసాను."

అప్పలనర్సమ్మ సోనిని చంకలోంచి దింపింది.

"వాగవతలి ఊరోడనుకున్నాన్రా ఇన్నాళ్లూ," అంది మెల్లిగా. "పొంగిన వాగు ఈదుకుని కొండెక్కొచ్చి, మోసేవోళ్లలో ఒకడు జారి పడిపోతే డోలీ కర్ర తన బుజానికెత్తుకుని, స్వర్ణ డోలీని ఆస్పత్రి దాకా కింద పెట్టకుండా మోసింది ఆయనేరా."